ప్రొఫెసరుగారి గోడ పక్క ఎలుకలు

అక్కా,

నువ్వు పక్కన లేక మరీ పిరికిదైపోయిన నీ బుజ్జి రాస్తున్నది.

ముందు శుభవార్త. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల్లో ఒక స్టెరాయిడ్ హార్మోను తయారవుతుందని చెప్పానుగా, అది ఎక్కించిన ఎలుకలు వైరస్ ఇచ్చినా నిక్షేపంలా తిరుగుతున్నాయి. ఎక్కించనివి వరసగా మూలపడ్డాయి. మా ప్రొఫెసరుగారు ఆనందం పట్టలేక ల్యాబంతా తిరిగి అందరి వీపులూ చరిచారు. వ్యాసం అచ్చయితే నా డిగ్రీ చేతికొచ్చినట్టే. అమ్మ నన్ను "ఎలకల ఆయా" అనడం మానేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. హార్మోను ఎక్కించినవి చడీచప్పుడూ లేని వెనక గదిలో ఉన్నాయి. ఎక్కించనివాటికి పెద్దగా సేవలక్కర్లేదని ఆయనే తన గది గోడకి ఆనించి పెట్టించారు. ఆయన మాట్లాడితే అవతలివాళ్లకి ఫోను అవసరం లేదక్కా! ఆయన గొంతెత్తినప్పుడల్లా ఆ ఎలుకలు మేత వదిలేసి ఒకదాని కింద ఒకటి దూరడం కళ్లారా చూశాను. బెదురుతో బతికే ప్రాణికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మరి వాటిని పడగొట్టింది హార్మోను లేకపోవడమా, ఆయన గొంతా?

నోరు మూసుకుంటే డిగ్రీ. తెరిస్తే మెడపట్టి గెంటేస్తారు. భయంతో తిండి సహించడం లేదు. అయినా రేపు చెప్పేస్తాను. మీ ఇంట్లో నాకో మంచం ఖాళీగా ఉంచు.

నీ పిచ్చి చెల్లెలు,
బుజ్జి

*

అక్కా,

మంచం అక్కర్లేదు. విను.

చెప్పేశాను. "నా గొంతా? నా గొంతుకేమైంది?" అని ఆయన అరిచేసరికి గోడవతల బోనులన్నీ గలగలలాడాయి. ఆ చప్పుడు ఆయనా విన్నారు. లేచి వెళ్లి గోడకి చెవి ఆనించారు. తర్వాత, "కొత్త ఎలుకల్ని తీసుకో. గదులు తారుమారు చేసి మళ్లీ చూడు" అన్నారు.

చూశాను. ఈసారి గోడ పక్కన పెట్టిన హార్మోను ఎలుకలు మూలపడ్డాయి. వెనక గదిలో హార్మోను ఎక్కించనివి వైరస్ ఇచ్చినా హాయిగా ఉన్నాయి. మా హార్మోను పరువు కాస్తా మంటగలిసింది. నా డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోయింది. కడుపారా ఏడ్చి, కడుపునిండా తిన్నాను.

ఫలితాలు ఆయన బల్ల మీద పెట్టి, ఇక ఉద్వాసనే అనుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన రెండుసార్లు చదివారు. "మళ్లీ మొదలెడదాం. ఈసారి అన్నీ వెనక గదిలోనే పెట్టు" అన్నారు. ప్రాణం లేచొచ్చిందక్కా.

నేను కదలబోతుంటే, ఎన్నడూ వినని సన్నగొంతుతో, "అమ్మాయ్, మా ఆవిడకి పెళ్లైన దగ్గర్నుంచీ జలుబు తగ్గలేదు. ఒంటి తత్వం అనుకున్నాం" అన్నారు. వెంటనే ఇంటికి ఫోను చేసి, "ఏమోయ్, ఎలా ఉన్నావు?" అని మెల్లగా అడిగారు.

అవతల ఆవిడ గాబరాగా వేసిన కేక తలుపు దగ్గరున్న నాక్కూడా వినిపించింది.

"అయ్యో, ఏమైందండీ మీకు? కదలకండి, నేనొచ్చేస్తున్నా!"

ఇంకా నవ్వు ఆపుకోలేకపోతున్న
నీ బుజ్జి