గడప కాడ చెప్పని పేరు

మా అక్క భూదమ్మకు, నీ చెల్లె లచ్చవ్వ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

బాపు దగ్గు తగ్గిందా? అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి? నీ చిన్నోడు నడుస్తున్నడా? అన్నీ వేరువేరుగ రాయి, "అందరం మంచిగున్నం" అని ఒక్క ముక్కల తేల్చకు. నేను మంచిగనే ఉన్న. రంది పడకుండ్రి.

సంగారెడ్డిల చలి మొదలైంది. పొద్దుగాల నీళ్లు ముట్టుకుంటె చేతులు కొంకర్లు పోతున్నయి. ఇక్కడ జొన్నరొట్టె మనకన్న మందంగ చేస్తరు, అలవాటైంది. అత్తమ్మ ఆడబిడ్డ ఇంటికాడనే ఉంటున్నది, పక్కింటి ఖలీదా బీ తప్ప నాతోని మాట్లాడే మనిషి లేదు. ఇంట్ల ఉన్న ఒక్కాయన సంగతి చెప్త విను.

మీ మరిది పగలంత బజార్ల మిషిను మీద బట్టలు కుడ్తడు. ఇంటికొస్తె పాటలు, నాటకాలు. మన ఇండ్లల్ల మాట్లాడే మాటలల్లనే రాస్తడు. "బర్రెలు కాసేటోళ్ల మాటలల్ల నాటకమేందయ్యా?" అని కచేరి గుమస్తాలు నవ్విన్రట. "మా అవ్వ నన్ను తిట్టింది గీ మాటలల్లనే, సాదింది గీ మాటలల్లనే" అన్నడట ఈయన. నాకు గర్వమే. కాని ఆ నాటకంల రాజమ్మ అని ఒక కొత్తకోడలున్నది. లేని మనిషి మీద నాకెంత మంటనో అక్కా! బువ్వ తినుకుంట గూడ దాని ముచ్చటనే. "రాజమ్మకు ఇంకా కోపం రావాలె." "రాజమ్మ గిట్లనదు." ఒకనాడు కావాలనే పప్పుల ఉప్పెయ్యలె. తిని లేచిండు, ఏం తెల్వలె.

రాజమ్మ వేషం సైకిల్ దుకాణం యాదగిరి కడ్తడు, దానికోసం మీసం తీసిండు. పెండ్లయి ఏడాదైనా నన్ను "ఇగో" అనే పిలిచేటాయన, "ఇగో, రాజమ్మకు జెర నీ పెండ్లిచీర ఇస్తవా?" అని అడిగిండు. కాదననీకి నోరు రాక ఇచ్చిన.

మొన్న అంగడి మైదానంల ఆడిన్రు. ఖలీదా బీతోని పోయిన. నా చీర కట్టుకొని రాజమ్మ గడప కాడికొచ్చింది. ఆడబిడ్డ అడ్డం నిలబడి "మొగని పేరు చెప్తెనే లోపలికి" అన్నది. నా పెండ్లప్పుడు ఈ ఇంటి గడప కాడ నాకు నోరు పెగలలేదని, అందరు నవ్వుతుంటె అత్తమ్మ జాలిపడి చెయ్యి పట్టి తీస్కపోయిందని నీకు చెప్పిన గద. రాజమ్మేమో తల ఎత్తి,

"వాన పంపిన మబ్బెవరంటె చేను చెప్పదా?
నన్ను తెచ్చినాయన మల్లయ్య, నేను చెప్పనా?"

అని నాటకంల మొగని పేరు పాడేసింది. ఒకటే చప్పట్లు. ముందల కూసున్నామె "రాసినాయన పెండ్లాం ఎంత గడుసుదో!" అన్నది. ఖలీదా బీ నా దిక్కు చూసి నవ్వు ఆపనీకి కొంగు నోట్లె కుక్కుకున్నది. నాకు కడుపు మండింది. నేను చెప్పలేనిది దాంతోని చెప్పిచ్చిండు.

తెల్లారి చీర చంకల పెట్టుకొని వచ్చిండు. నేను గడపకు అడ్డం నిలబడ్డ.

"ఏంది, జరుగు."

"పేరు చెప్తెనే లోపలికి."

"ఎవరి పేరు?"

"రాజమ్మది కాదు."

గన్ని మాటలు రాసేటాయన, చెవులు ఎర్రగై అటు ఇటు చూసిండు. నాకన్న సిగ్గు ఎక్కువ అక్కా ఆయనకు! ఆఖరికి మెల్లగ "లచ్చవ్వ" అన్నడు. పాట లేదు, ఏం లేదు. నేను జరిగిన.

అయినా మంట పూర్తిగ పోలె. చీర కొంగుకు యాదగిరి ముఖం రంగు అంటింది. దేనితోని ఉతికితె పోతదో రాయి. మళ్ల జోగిపేటల ఆడుతరట. రాజమ్మకు నీ పాత చీర ఒకటి పంపు. మంచిది వద్దు, జెర రంగు ఎలిసిందే పంపు.

బాపుకు, అవ్వకు, బావకు నా దండాలు. నా నెత్తిమీద చెయ్యి పెట్టినట్టె అనుకొని దీవించుమను. నేను మంచిగనే ఉన్న, నిజంగనే.

ఇగ ఒక్కటి. జవాబు రాయనీకి కవరు మీద మీ మరిది పేరు ఇన్నాళ్లు, ఆయన ఎరికున్న పోస్టాఫీసాయనతోని రాయిచ్చేది. ఈసారి చూడు, అక్షరాలు వంకరగ ఉంటయి. నేనే రాసిన. రాజమ్మ ఒక్కతేనా చెప్పేది?

నీ చెల్లె,
లచ్చవ్వ