మొదటి కాగితంలో అబద్ధం

రోవీనా గారికి,

మీ వంట క్లాసులో వెనక బల్ల దగ్గర కూర్చునే మామ్మను నేను. మొదటి రోజు, నిన్న ఏం తిన్నారో రాయమని మీరు మా అందరికీ కాగితాలు పంచారు. నేను పాలు, ఆపిల్, ఆకుకూర అని రాశాను. అవి నా ఇద్దరు మనవరాళ్లు తిన్నవి. నాకు దక్కింది కాఫీ, వాళ్లు వదిలేసిన రొట్టె అంచులు. నిజం రాస్తే, ఇంట్లో తిండి చాలడం లేదని కౌంటీ పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్లొచ్చి పిల్లల్ని తీసుకుపోతారేమోనని భయపడ్డాను.

ఆఖరి రోజు మళ్లీ రాయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "మీకు నేను నేర్పిందేమీ లేదండీ, మొదట్నుంచీ బాగానే తింటున్నారు" అన్నారు. మీ ముఖం చిన్నబోయింది. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మొదటి కాగితం చించెయ్యండి. రెండోది అక్షరాలా నిజం. మీరు చెప్పినట్టు ఆదివారం ఎండు చిక్కుడు గింజలు పెద్ద గిన్నెడు ఉడికిస్తే, మొక్కజొన్న రొట్టెతో ముగ్గురికీ బుధవారం దాకా వస్తున్నాయి.

నిన్న మా చిన్నది డెల్లా బల్ల మీద కంచాలు సర్దుతూ, "మామ్మా, ఇదివరకు రెండే పెట్టేదాన్ని కదా?" అంది.

"అప్పుడు నీకు మూడు దాకా లెక్క రాదులేవే" అన్నాను.

ఈ ఒక్క అబద్ధం మాత్రం ఉండనివ్వండి.