చల్లబడనీ అని వేసిన మూత

వదిన గారికి,

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, మన్నించండి.

మీ తమ్ముడు చేసిన ప్రోగ్రాం మా లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. బయటినుంచి చూసేందుకు దానికి ఇంటర్నెట్‌లో సొరంగంలాంటి దారి తెరిచి, లాప్‌టాప్ ఇంట్లోనే ఆన్‌లో వదిలి, ఆ లింకు పట్టుకుని కంపెనీవాళ్లకు చూపించడానికి వెళ్లారు. ఇక్కడ లాప్‌టాప్ పెనంలా కాలుతుంటే, పాపం కాసేపు చల్లబడనీ అని మూత వేశాను. అక్కడ వాళ్ల ముందు ఏమీ తెరుచుకోలేదట. ఆయన వచ్చేలోగా మూత తీశాను, అన్నీ మామూలుగా నడిచాయి.

"మూత పడితే తప్ప దారి తెగదే! నాకే చేతకాలేదు," అన్నారు.

వారమైంది, మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. గోదాములో పనికి వెళ్తానంటున్నారు. నాకు నోరు రావడం లేదు. తన తప్పు కాదని మీరే ఎలాగైనా నమ్మించండి. నేనని తెలిస్తే ఒక్క మాటా అనరు, అది నేను తట్టుకోలేను. చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ మరదలు