ఓటుపెట్టె పక్కన మా వస్ఫీ

1912 ఏప్రిల్ 6, శనివారం. ఇస్తాంబుల్, ఉస్కుదార్
మా అబ్బాయి వస్ఫీ మళ్లీ పార్టీ మీటింగుకి వెళ్లాడు. బడిపంతులికి రాజకీయాలెందుకు? ప్రభుత్వం కమిటీ అనే పార్టీ వాళ్లది. కర్రలూ వాళ్లవే. మావాళ్ల చేతుల్లో ఉన్నవి కాగితాలు. మంగళవారం మసీదు ఆవరణలోకి ఓటుపెట్టె వస్తుందట. ప్రతిపక్షం తరఫున దాని పక్కన కూర్చునేది వీడేనట.

ఏప్రిల్ 7
పక్కింటి నాజియే హనిమ్ వచ్చింది. పై పేటలో ప్రతిపక్షం మనిషికి చెయ్యి విరిచారట. మీవాడిది అసలే మెత్తటి ఒళ్లు అక్కా, జాగ్రత్త అంది. ధైర్యం చెప్పడానికి వచ్చిందో, నా మొహం చూసిపోవడానికి వచ్చిందో.

ఏప్రిల్ 8
ఓ ఉపాయం తట్టింది. ఇక్కడ రాయను.

ఏప్రిల్ 9, మంగళవారం, పొద్దున్న
వాడు లేవకముందే వాడి ఫెజ్ టోపీ తీసుకెళ్లి, ముడతలు పోయేలా అచ్చు మీద బిగించమని టోపీల కొట్లో ఇచ్చి వచ్చాను. ఎలక్షన్ రోజే దొరికిందా తల్లీ అన్నాడు కొట్టువాడు. సాయంత్రం దాకా ఇవ్వొద్దన్నాను. వట్టి తలతో వీధిలోకి వచ్చే మగాడు ఈ ఊళ్లో లేడు.
వస్ఫీ ఇల్లంతా వెతికాడు. నలిగిపోయిందిరా, అందుకే ఇచ్చాను అన్నాను. నాకేసి చాలాసేపు చూశాడు. కూర్చుని కాఫీ తాగాడు.

మధ్యాహ్నం
వాడి చోట రిఫ్కీ ఎఫెందీ కూర్చున్నాడట. అరవై దాటిన మనిషి, పార్టీలో మావాడికి పెద్దదిక్కు. లిస్టులో పేరున్నవాణ్ణి ఓటెయ్యనివ్వరేం అని అడిగాడట. కర్రతో కొట్టారు. నుదురు పగిలింది.
కబురు వినగానే వస్ఫీ లేచి, వట్టి తలతోనే గుమ్మం దాటాడు. టోపీ తెస్తానుండరా అంటూ నేను వెనకాల. వద్దమ్మా, ఇంక నువ్వేమీ చెయ్యకు అన్నాడు. వీధిలో ప్రతి కిటికీలోనూ ఓ మొహం. నాజియే హనిమ్ అయితే సగం బయటికి వచ్చేసింది.

ఏప్రిల్ 10
రిఫ్కీ ఎఫెందీ ఇంటికి పెరుగు చారు పట్టుకెళ్లాను. టోపీ పని నాదేనని ఆయన భార్యకి చెప్పేశాను. ఆమె గిన్నె అందుకుంది. నాకు తట్టలేదు వదినా, తడితే నేనూ అదే చేసేదాన్ని అంది. ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆగలేదు.
ఓట్లు ఇంకా అవలేదు, వస్ఫీ ఇవాళా పెట్టె దగ్గరే ఉన్నాడు.

ఏప్రిల్ 12
పెట్టె వెళ్లిపోయింది. మావాళ్లు ఓడిపోయారు. వాడి ఒళ్లంతా తడిమి చూశాను, ఎక్కడా దెబ్బ లేదు. మళ్లీ ఎలక్షన్ ఎప్పుడురా అంటే నాలుగేళ్లకి అన్నాడు.
అప్పటికి నేనుండను. వీడికోసం ఎవరు భయపడతారో ఏమిటో.