నీ బిళ్ళ వేసుకుని కుంటాలకు

అక్కా,

నువ్వు పోయాక ఆయన నన్ను చేసుకున్నాడు. నీ ముఖం నేను చూడలేదు. అయినా మన ఆనవాయితీ ప్రకారం నీ పేరున చేయించిన వెండి బిళ్ళ పెళ్ళినాటి నుంచి నా మెడలోనే ఉంది. కొత్త చీర వస్తే ముందు దానికి తాకించి, "అక్కా, నీ తర్వాతే" అనుకుని కట్టుకుంటాను. లేకపోతే పిల్లలకు ఏమవుతుందోనని భయం.

పసుపు చేనులో కలుపు తీయడం అయిపోయింది. నిన్న ఆయనే "కుంటాల జలపాతం చూసొద్దాం పా" అన్నాడు. ఇన్నేళ్ళకు నన్నొక్కదాన్ని తీసుకుపోతున్నాడని మురిసిపోయాను. ఆర్మూర్ నుంచి జీపులో పోయాం. దిగి ఏటి పక్క దారిలో నడుస్తుంటే నాకు ఒకటే దిగులు. రాళ్ళ మీద నాచు, ఆయన మోకాళ్ళ నొప్పులు, అడవిలో ఏ పులి ఉందోనని. ఆయన మాత్రం ప్రతి బండ దగ్గరా ఆగాడు.

"గీడనే మీ అక్క సద్దిమూట విప్పింది. గా మలుపుల ఆమె చెప్పు తెగితే నా చెప్పులు తొడిగిన."

నా చెప్పు కూడా తెగితే బాగుండనిపించింది. తెగలేదు.

నీళ్ళ చప్పుడు వినపడగానే నీ బిళ్ళను కొంగు కింద దాచేశాను. ఈ జలపాతం ఒక్కటైనా నాకే మిగలాలి కదా. ఆయన చూడనే చూశాడు.

"మీ అక్కను దాస్తవేందే? జర బయటికి తియ్, ఆమెను గూడ చూడనీ."

తీశాను. తుంపరకు తడిసి బిళ్ళ మెరిసింది.

అక్కా, కుంటాలను నేను ఒక్కసారే చూశాను. నువ్వు రెండుసార్లు చూశావు.