సూపు కొట్టు దగ్గరికి తీసుకురా

డార్లా,
నిన్నటి పండగలో మిగిలిన టర్కీ కోడిని ఎముకలతో సహా స్లో కుక్కర్‌లో సన్న వేడి మీద పెట్టాను. ఊరికే మూత తియ్యకు. సాయంత్రం ఎముకలన్నీ ఏరెయ్యి, ఎవరి గొంతులోనైనా అడ్డం పడితే నేను బతకను. నూడుల్స్ ఆఖర్న వెయ్యి, లేకపోతే జావైపోతాయి. ప్లగ్ తీశావో లేదో మళ్ళీ చూసుకుని, కుక్కర్‌తో సహా కొట్టుకు బయల్దేరు.

నేను పనికి వెళ్ళడం లేదు. మా కొట్టు ముందు అందరితో కలిసి సమ్మెలో నిలబడతాను, సూపు మా అందరికీ. వచ్చే ఏడాది పండగ పూట కూడా తెరుస్తారట! "ఇవాళ రాకపోతే ఇంక రావద్దు" అన్నాడు మేనేజరు. నాకు భయంగానే ఉంది. "నీడకే జడుసుకుంటావు, నువ్వేం సమ్మె చేస్తావే!" అని మీ లోర్నా అత్త నవ్వింది. నవ్వుకోనీ.

మంచులో కారు మెల్లగా నడుపు.
అమ్మ

మేనేజరు చూస్తాడని కారు దూరంగా ఆపకు. సరిగ్గా గుమ్మం ఎదురుగా ఆపు.