అది నవ్వు కాదు వదినా

వదినా,

కవరు మీద చేతిరాత నాదని తెలిసీ దీన్ని విప్పారంటే అదే పదివేలు. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి అప్పుడు చింపండి. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. ఇంటికొస్తే తలుపు తియ్యరు. ఉత్తరానికి మొహం ఉండదు కదా, అందుకని రాస్తున్నాను.

అన్నయ్య పోయి ఐదు నెలలైంది. ఆ రోజు ఫోనొచ్చినప్పుడు నేను హోటల్ కౌంటర్లో ఎవరికో మూడో అంతస్తు గది తాళం ఇస్తున్నాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దం అరగదీస్తూ అరగదీస్తూ మిషను మీదే ఒరిగిపోయాడని పక్క షాపతను చెప్పాడు. తాళం చేతిలో పట్టుకునే బస్టాండుకి పరిగెత్తాను. నాలుగు గంటల ప్రయాణం. సీటు ఖాళీగానే ఉంది, కూర్చోబుద్ధి కాలేదు. మీ హాల్లోకి అడుగుపెట్టేసరికి అన్నయ్యని పడుకోబెట్టి ఉంచారు. ఎవరో కళ్ళజోడు తీసేశారు. ముక్కుకి రెండు పక్కలా ఆ నొక్కులు అలాగే ఉన్నాయి. అవి చూశాక ఇంక ఆగలేకపోయాను. కాళ్ళ మీద పడిపోయాను.

నా మూతి సంగతి మీకు కొత్తగా చెప్పాలా? పదకొండో ఏట వచ్చిన జ్వరం ఎడమ పక్క నరాన్ని పట్టేసి మూతిని చెవి దాకా లాక్కుపోయింది. ఊరికే ఉన్నా నవ్వుతున్నట్టే ఉంటాను. ఏడుపొస్తే ఇంకా సాగి పళ్ళన్నీ బయటపడతాయి. చిన్నప్పుడు బళ్ళో దెబ్బలు తిన్నదంతా దానివల్లే. కొడుతుంటే నవ్వుతున్నాడని మాస్టారు ఇంకో నాలుగు వడ్డించేవాడు. వీధిలో నవ్వులయ్య అని పేరు పెట్టారు. అలా పిలిచిన ప్రతివాడితోనూ అన్నయ్య దెబ్బలాటకి దిగేవాడు. చొక్కా చింపుకుని ఇంటికొచ్చి అమ్మ చేత తిట్లు తినేవాడు.

కొత్తవాళ్ళు ఏమనుకున్నా పడతాను, అలవాటైపోయింది. కానీ ఆ రోజు వేలు చూపించింది మీరు. "నవ్వుతున్నాడు చూడండి! అన్న చచ్చిపోతే నవ్వుతున్నాడు! వీణ్ణి బయటికి గెంటండి!" అన్నారు. నలుగురు నన్ను రెక్కలు పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చారు. అన్నయ్యని తీసుకెళ్తుంటే ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి చూశాను. తొమ్మిదేళ్ళు మీ చేతి అన్నం తిన్నాను వదినా. నాకు కారం పడదని విడిగా గిన్నెలో తీసిపెట్టేవారు. ఆ మనిషేనా అలా అరిచింది అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతున్నాను.

తమాషా ఏమిటంటే, నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఈ మూతే. "ఎంత విసిగించినా నవ్వు చెరగని మనిషి దొరకడం మన అదృష్టమయ్యా" అని మేనేజరు అందరికీ చూపించుకునేవాడు. పోయిన వారం ఒకావిడ పెట్టె లాక్కుంటూ కిందికి వచ్చి, "మా అమ్మ పోయింది, గది ఖాళీ చేస్తున్నాను" అంది. అయ్యో అని తలెత్తాను. నా మొహం చూసి తాళం విసిరికొట్టింది. కనుబొమ్మ మీద తగిలింది. ఆవిడ తప్పేం లేదు. అదే రోజు మేనేజరు నన్ను కింద దుప్పట్లు మడతపెట్టే గదికి మార్చేశాడు. అక్కడ కిటికీ లేదు. ఇస్త్రీ మిషను ఆవిరి తప్ప మనిషి అలికిడి ఉండదు. నాకదే బాగుంది.

నన్ను ఇంట్లోకి రానివ్వమని మిమ్మల్ని అడగను. పాపని చూపించమనీ అడగను. ఒక్క కార్డు ముక్క మీద, నువ్వు నవ్వలేదని నాకు తెలుసు, అని రాసి పోస్టు డబ్బాలో వెయ్యండి. సంతకం కూడా అక్కర్లేదు. లోకమంతా ఏమన్నా సరే, మీ ఒక్కరి మాట ఉంటే నేను బతికేస్తాను.

మీ మరిది


* * *


వదినా,

మూడు వారాలు చూశాను. కార్డు రాలేదు. పోస్టతను వచ్చే వేళకి దుప్పట్లు వదిలేసి మెట్లెక్కి పైకి పోతుంటే, "ఏం స్మైలూ, లవ్ లెటరా?" అని కౌంటర్లో కొత్తబ్బాయి ఆట పట్టిస్తున్నాడు. నిన్నటి నుంచి ఎక్కడం మానేశాను.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను, తిట్టండి. పోయిన శుక్రవారం సెలవు పెట్టి పాప స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాను. దూరం నుంచి చూసి వచ్చేద్దామనే వెళ్ళాను, ఒట్టు. పాపే నన్ను చూసి వచ్చింది. ఇదివరకట్లా పరిగెత్తుకు రాలేదు. బ్యాగు పట్టీ రెండు చేతులతో పట్టుకుని, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"బాబాయ్, నాన్న చచ్చిపోతే నవ్వావట కదా?"

"లేదమ్మా. ఏడ్చాను."

పాప నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. మూతి సంగతి మీకు తెలిసిందే.

"ఇప్పుడు కూడా నవ్వుతున్నావుగా" అంది. అని వెనక్కి వెనక్కి నడిచి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. కనబడింది చెప్పింది. ఎంత పెద్దదైనా, ఎన్నేళ్ళు గడిచినా, నాన్న పోయిన రోజు అనగానే దానికి నా పళ్ళే గుర్తొస్తాయి. ఇది నావల్ల కాదు వదినా. మీ కోపం భరించగలను. పాప అలా వెనక్కి నడవడం భరించలేను. తిరిగొచ్చేటప్పుడు బస్సు అద్దంలో నా మొహం కనబడింది. అది నాది కాదు, ఎవడో తగిలించి పోయాడు అనిపించింది.

అందుకే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఏమిటయ్యా నీ బాధ? హాయిగా నవ్వుతూ ఉన్నావుగా?" అన్నాడు ఆయన కూడా. చెప్పాను. విన్నాక తలవంచుకున్నాడు. ఈ వయసులో సరిచెయ్యడం కుదరదట. కావాలంటే ఆ పక్క నరం కోసెయ్యొచ్చట. కోస్తే మూతి దిగిపోతుంది. దాంతోపాటు ఆ పక్కంతా చచ్చుబడుతుంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు, రాత్రి గుడ్డ కట్టుకుని పడుకోవాలి. నీళ్ళు తాగితే కారతాయి. మాట ముద్దగా వస్తుంది. "అంత అవసరమా? ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు. అవసరమే అన్నాను. రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి వెళ్ళి గుమ్మం దగ్గరే కూర్చున్నాను. నా గోల పడలేక చివరికి ఒప్పుకున్నాడు.

వచ్చే బుధవారం పొద్దున పది గంటలకి ఆపరేషను. ఇక్కడి పెద్ద ఆసుపత్రిలో, రెండో అంతస్తు. ఇంక నా మొహంలో ఏమీ కనబడదు. నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. గోడలా ఉంటుంది. గోడని చూసి ఎవరూ భయపడరు, ఎవరికీ కోపం రాదు. కట్లు విప్పాక ఒక్కసారి గేటు బయట నిలబడతాను. పాపని కిటికీలోంచి చూడనివ్వండి. చూసి, బాబాయ్ నవ్వడం లేదు అంటే చాలు.

వద్దని రాయకండి. వద్దని రాసేంత ప్రేమ ఉంటే ఆ కార్డే రాసి ఉండేవారు.

మీ మరిది


* * *


ఒరే పిచ్చి మరిదీ,

ఇది పోస్టులో రావడం లేదు. నువ్వు పడుకున్న వార్డు బయట బెంచీ మీద కూర్చుని, పాప నోటుబుక్కులో కాగితం చింపి రాస్తున్నాను. ఆపరేషనుకి ముందు ఎవరినీ లోపలికి వదలరట. నర్సుని బతిమాలితే, ఉత్తరమైతే ఇస్తానంది. తొమ్మిదింబావు అయింది. అక్షరాలు కుదురుగా లేవని వంకలు పెట్టకుండా చదువు.

నువ్వు నవ్వలేదని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. వేలు చూపించినప్పుడూ తెలుసు.

నువ్వు నిజంగా నవ్వితే తల దించేస్తావు, ముక్కులోంచి తుమ్ము ఆపుకున్న చప్పుడొస్తుంది. తొమ్మిదేళ్ళు అన్నం పెట్టినదాన్ని, అది కూడా తెలీదా నాకు? తెలిసి చేశాను. ఎందుకు చేశానో ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

ఆ రోజు పొద్దున మీ అన్నయ్యతో గొడవపడ్డాను. పెద్ద కారణం కూడా లేదు. అద్దాలు అరగదీసిన ఆ తెల్లపొడి చొక్కా నిండా వేసుకొచ్చి దుప్పట్లకి పూస్తాడని. "పోండి, వెళ్ళి ఆ షాపులోనే పడి ఉండండి" అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళాడు. రెండు గంటల తర్వాత అక్కడే పడిపోయాడని కబురొచ్చింది.

నాకు ఏడుపు రాలేదు. ఒక్క చుక్క రాలేదు. కళ్ళు నులుముకున్నాను, చేతి మీద గిల్లుకున్నాను, రాలేదు. హాలు నిండా జనం. అందరూ ఆయన్ని కాదు, నన్ను చూస్తున్నారు. మా మేనత్త పక్కావిడతో, "దీని కంట్లో తడి లేదు చూశావా? మొగుడంటే ఎంత ప్రేమో!" అంది. నాకు వినబడాలనే అంది. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతుంటే చూస్తూ కూర్చున్నాను. లోపల నేనెలా ఉన్నానో ఎవరికీ అక్కర్లేదు. నా కళ్ళు పొడిగా ఉన్నాయి, అంతే.

అప్పుడు నువ్వొచ్చావు. నీ మూతి కనబడింది. నోట్లోంచి ఆ అరుపు వచ్చేసింది. హాలంతా ఒక్కసారిగా నీవైపు తిరిగింది. నన్ను చూడటం మానేశారు. నిన్ను ఈడ్చుకుపోతుంటే నాకు ఊపిరాడింది. నిజంగా ఊపిరాడింది. అంత నీచురాలిని నేను.

ఆ తర్వాత ఫోను పెట్టేసింది కోపంతో కాదు. నీతో మాట్లాడితే ఇదంతా చెప్పాలి. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కార్డు కొన్నాను, రాయడానికి కూర్చున్నాను. నువ్వు నవ్వలేదని తెలుసు అని రాస్తే, మరి ఎందుకలా అరిచారని అడుగుతావు. చేతకాక దాన్ని మీ అన్నయ్య షాపు సొరుగులో పడేశాను. రెండో ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కన్ను మూతపడదని రాశావు చూడు, అక్కడ నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను చేసిన పనికి నువ్వు నీ మొహం కోయించుకుంటావా? ఎవరిచ్చారురా నీకా హక్కు?

పాపకి చెప్పాను. "బాబాయ్ ఏడ్చాడు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. "నువ్వెందుకు అబద్ధం చెప్పావు?" అంది. "భయమేసి" అన్నాను. నా దగ్గర పడుకోకుండా వెళ్ళి ఒక్కర్తే పడుకుంది. తెల్లారకముందే పక్కింట్లో దింపి బయల్దేరుతుంటే మాత్రం, "బాబాయ్‌ని తీసుకురా" అంది. నాకు టాటా చెప్పలేదు. చెప్పకపోయినా తప్పులేదు.

ఈ కాగితం పంపిస్తున్నాను. డాక్టరు వస్తే వద్దని చెప్పు. నీకు నోరు రాకపోతే నేనొచ్చి చెప్తాను, నర్సు కాదు కదా వాళ్ళ పెద్దాయన అడ్డం వచ్చినా ఆగను.

ఇది రెండో కాగితం. మొదటిది లోపలికి వెళ్ళి పావుగంటైంది. నర్సు ఇప్పుడే బయటికొచ్చింది.

"ఏం రాశారమ్మా అందులో? ఒకటే నవ్వుతున్నాడు మీవాడు" అంది.

"నవ్వడం లేదు, ఏడుస్తున్నాడు. మంచినీళ్ళు ఇవ్వమ్మా, ఏడిస్తే ఎక్కిళ్ళొస్తాయి వాడికి" అన్నాను.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, గుమ్మంలోంచి నిన్ను ఇంకోసారి చూసింది. చూసి, నీళ్ళకి వెళ్ళింది.

లేచి చొక్కా వేసుకుని బయటికి రా. నన్ను తిట్టాలనుంటే ఇక్కడే అందరి ముందూ తిట్టు. క్షమించడం నీ ఇష్టం. బెంచీ మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఆరు నెలల నుంచీ రాని ఏడుపు నిన్ను చూశాక కూడా రాకపోవచ్చు. నా కళ్ళు పొడిగా ఉన్నాయని తప్పుగా అనుకోకు.

వదిన